మైనరు ప్రాణం మీదికి వచ్చింది

ఆవిడ పోయిన సంగతి నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. కబురు రాక కాదు, వచ్చి నా ఫోనులోనే పడి ఉంది. రిటైరైన మా ఆఫీసువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ ఫొటో పెట్టి కింద ఒక ముక్క రాశారు. దాని మీద గులాబీ పూల గుడ్ మార్నింగులు, వాటి మీద మోకాళ్ళ నొప్పులకి మెంతులు నానబెట్టే పద్ధతి, ఆపైన ఎవరి మనవడికో పుట్టినరోజు దీవెనలు, వాటికి మళ్ళీ అందరి దండాల బొమ్మలూ. ఆ చెత్తంతా వేలితో తోసుకుంటూ పోతే అడుగున ఆవిడ కనిపించారు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండింది. ఫోను మంచం మీదికి విసిరేసి, చాలాసేపు వంటింట్లోకి కూడా పోకుండా అలాగే కూర్చున్నాను.

ఆవిడ మా కాలువల ఆఫీసులో సూపరింటెండెంటు. నేను టైపిస్టుని. మా నాన్నకి నరసరావుపేటలో లారీలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. మా ఇళ్ళల్లోంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. చేరిన రోజు భయంభయంగా ఆవిడ ముందు నిలబడితే, నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మాయ్, టైపు వచ్చా, లేకపోతే వచ్చని సర్టిఫికెట్టు ఉందా?" అని అడిగారు.

"రెండూ ఉన్నయ్ మేడం."

"బతికించావు. ఇక్కడ చానామందికి రెండోదే ఉంది" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు కాంపౌండు గోడ దాటి టీ కొట్టు దాకా వినపడేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనని అందరూ చెప్పుకునేవారు. ఆ గొంతు విన్నవాళ్ళెవరైనా నమ్ముతారు.

మనిషి పొడుగు. గంజి పెట్టిన నూలు చీర, మణికట్టు లోపలివైపుకి తిప్పుకున్న వాచీ, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. తనంటే తనకి బోలెడు గొప్ప. దాచుకునేవారు కూడా కాదు. "ఈ పల్నాడు మొత్తం మీద నాలాగా తపాలు విప్పేవాళ్ళు ఉంటే తీసుకురండయ్యా, ఈ కుర్చీ దిగి పోతా" అని సవాలు చేసేవారు. రైతులు ఆవిణ్ణి మేడం అనలేక, అమ్మా అంటే చాలదనుకుని, రెండూ కలిపి "మేడమ్మా" అని పిలిచేవారు. ఆ పిలుపు ఆవిడకి మహా ఇష్టం.

తపాలంటే రోజూ ఆఫీసుకి వచ్చిపడే ఉత్తరాలు, అర్జీలు. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసు, ప్రతి ఆఫీసుకీ కొత్త రబ్బరు స్టాంపు. స్టాంపు చేతికొచ్చినవాడల్లా మాకొక ఉత్తరం గుద్ది పంపేవాడు. పోస్ట్‌మ్యాను కట్ట పడేసి పోగానే ఆవిడ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడేవారు. తపాలు ఎప్పుడూ నిలబడే విప్పేవారు. "మనం కూర్చుంటే కాగితం కూడా కూర్చుంటది" అనేవారు.

కవరు చింపటం, చదవటం, అక్కడికక్కడే రెండు కుప్పలుగా వేయటం. ఒకటి నోరున్న కాగితాలు, రెండోది నోరులేనివి. ఈ మాట మా ఆఫీసులో తప్ప నేనింకెక్కడా వినలేదు. కాగితం వెనకాల ఒక మనిషి నిలబడి అడుగుతుంటే దానికి నోరున్నట్టు లెక్క. ఆఫీసు ఆఫీసుని అడిగేవి, "మా లేఖకు జవాబు రానందున గుర్తు చేయడమైనది" అనేవి నోరులేనివి. "గుర్తు చేయటానికి నేనేమన్నా మర్చిపోయానా?" అంటూ వాటిని బల్ల కింద వెదురు గంపలోకి విసిరి, వారానికొకసారి అన్నిటినీ ఒక్క ఊపులో తెమిల్చేవారు. నోరున్నవాటికి మాత్రం ఆ పూటే పని జరగాలి. చాలాసార్లు జవాబు కూడా రాసేవారు కాదు. అర్జీ పెట్టినాయన వరండాలోనే గొంతుక్కూర్చుని ఉండేవాడు కదా, కిటికీలోంచి కేకేసేవారు. "ఏమయ్యా పెద్దాయనా, నీ తూము తలుపు రేపు బిగిస్తారు. ఇంక లే, బస్సు పోద్ది." ఆయన లేచి దణ్ణం పెట్టి పోయేవాడు. దాంతో ఆ కాగితం పని అయిపోయినట్టే.

కాగితాలతో మాట్లాడటం ఒక అలవాటు. "ఏందయ్యా నీ బాధ?" అని అర్జీని అడిగేవారు. ఎర్రసిరాతో "అతి అర్జెంటు" అని రాసి ఉంటే, "నీకు పనేం లేదు, పక్కన పడుకో" అనేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకి నేనూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టాను. మా అమ్మ భయపడి తాయెత్తు కట్టించింది. రంజాను నెలలో ఆవిడ నా ఎదురుగా టీ తాగేవారు కాదు. నీ కోసమేనని చెప్పేవారు కూడా కాదు. "ఇయ్యాల ఎందుకో టీ పడలేదమ్మాయ్" అని గ్లాసు తిప్పి పంపేవారు. నెలంతా పడేది కాదు. అటువంటి మనిషి.

అలా నడుస్తున్న ఆఫీసుకి కొత్త డి.ఇ. గారు వచ్చారు. మా ఆఫీసు మొత్తానికి పెద్ద ఇంజినీరు ఆయనే. వయసులో చిన్నవాడు, చెడ్డవాడేం కాదు, ఉత్సాహం ఎక్కువ. వచ్చిన వారంలోనే ఒక రూలు పెట్టారు. సాయంత్రం ఆఫీసు మూసేసరికి ఏ బల్ల మీదా ఒక్క కాగితం కనపడకూడదు. మనదైతే అదే రోజు జవాబు, మనది కాకపోతే అదే రోజు సంబంధిత ఆఫీసుకి రవాణా. నోరున్నదీ లేనిదీ అనే తేడా లేదు. సాయంత్రం ఆయన గదులన్నీ తిరిగి ఖాళీ బల్లలు చూసుకుని మురిసిపోయేవారు.

బల్లలు ఖాళీ అయ్యాయి గానీ తపాలు మాత్రం రెట్టింపయింది. మేము పంపిన జవాబుకి వాళ్ళొక జవాబు, దానికి మేమొకటి. నా వేళ్ళు వాచిపోయాయి. కాలువల మీద తిరగాల్సిన సెక్షన్ ఇంజినీరు పక్క గదిలో కూర్చుని, ఎన్ని వచ్చాయి ఎన్ని పోయాయి అని స్టేట్‌మెంట్లు రాస్తున్నాడు. ఆయన బూట్లకి మట్టి అంటి ఎన్నాళ్ళయిందో. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక డి.ఇ. గారి గదిలోకి పోయారు. డిక్టేషన్ కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, మీరొకటి పంపితే వాళ్ళు రెండు పంపుతున్నారు. ఊళ్ళో ఏ గోడ చూసినా ఎర్ర త్రికోణం ఏసి ఇద్దరు చాలని చెప్తన్నారు. ఈ కాగితాలకి ఎవరూ చెప్పట్లా" అన్నారు.

డి.ఇ. గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "మీరు పాత పద్ధతి మనిషి మేడం. రేపటి నుంచి తపాలు మీరు విప్పొద్దు. కొత్తగా వచ్చినాయన చూసుకుంటాడు" అన్నారు.

ఆ కొత్తాయన ఉద్యోగానికి రాకముందు ఏళ్ళ తరబడి ప్లీడరు గుమస్తాగా చేసినవాడు. మేమంతా కోర్టాయన అనేవాళ్ళం. ఆ చేతి వేగం చూడాలి! కవరు చింపిన చేత్తోనే స్టాంపు, స్టాంపు గుద్దిన చేత్తోనే ఫార్వర్డు. ఆయన బల్ల మధ్యాహ్నానికే అద్దంలా మెరిసేది. మర్నాడు తపాలు వచ్చినప్పుడు ఆవిడ అలవాటుగా లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ అలా కూర్చుని ఉండగా పక్క బల్ల మీద కవర్లు చిరుగుతుంటే నేను ఒకే లైను రెండుసార్లు టైపు కొట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్ద కాలువలోంచి చీలే కాలువని మేజరు అంటారు. మేజరులోంచి చీలేది మైనరు. మా వైపు పసిపిల్లలకి కూడా తెలిసిన మాటలు. ముప్పాళ్ళ అవతల ఒక మైనరు చివరి పొలాలవాళ్ళు అర్జీ పెట్టారు. "అయ్యా, మా మైనరు ప్రాణం మీదికి వచ్చింది. మేజరు పక్కన ఉన్నవాళ్ళు అడ్డం పడి మా మైనరు వాటా కాజేస్తున్నారు. మాకు మీరు తప్ప దిక్కు లేదు." ఇంతే రాశారు. కాలువ అన్న మాటే లేదు. కాలువల ఆఫీసుకి రాస్తూ కాలువ అని చెప్పాలా అనుకున్నారు పాపం.

కోర్టాయన అది చదివాడు. ఆయన జీవితమంతా విన్న కథే అది. మైనరు, వాటా, కాజేసే పెద్దవాళ్ళు. "మైనరు ఆస్తి విషయము గనుక తగు చర్య నిమిత్తం" అని రాసి, స్టాంపు గుద్ది, ఆ పూటే కోర్టుకి పంపేశాడు. బల్ల ఖాళీ.

వారం తిరక్కుండా ఆ ఊరివాళ్ళు ఆఫీసుకి వచ్చారు. నలుగురైదుగురు మగవాళ్ళు, ఒకామె. డి.ఇ. గారు హైదరాబాదు మీటింగుకి పోయి ఉన్నారు. ముందున్న పెద్దాయన తల తువ్వాలు తీసి, "మా కాగితం ఏమైంది మేడమ్మా?" అన్నాడు. ఆవిడ కోర్టాయన వైపు చూశారు.

"మీదా? వచ్చిన రోజే పంపించేశా. నా దగ్గర ఏదీ నిలవ ఉండదు" అన్నాడు కోర్టాయన గర్వంగా.

"యాడికి?"

"కోర్టుకి."

పెద్దాయన మొహం మాడిపోయింది. "కోర్టుకా? నీళ్ళు అడిగితే కోర్టుకేందయ్యా! మేమేం తప్పు చేశాం?"

"మీది తప్పని ఎవరన్నారు? మైనరు పిల్లోడి వాటా అంటే కోర్టే గార్డియన్‌ని వేయాల. అదుగో, పొద్దుటి తపాల్లో మీ అర్జీతో పాటు వాళ్ళ జవాబు కూడా వచ్చింది. మైనరు వయసు ఎంత, తండ్రి పేరేంది, తెలపమన్నారు. చెప్పండి, రాసుకుంటా."

వెనకాల ఉన్న కుర్రాయన ముందుకొచ్చాడు. "రాసుకో అయితే. వయసు, కాలవ తవ్వినప్పుడు పుట్టింది. తండ్రి పేరు మేజరు" అన్నాడు.

ఇంక చూడండి. అందరం ఒక్కసారి పగలబడి నవ్వాం. ఆవిడైతే కళ్ళద్దాలు తీసేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బల్ల మీద చేత్తో కొడుతూ నవ్వారు. కోర్టాయనకి అప్పుడు వెలిగింది. పాపం చెవులు ఎర్రబడ్డాయి.

నవ్వనిది ఒక్క ఆ వచ్చినామె. చంకలో ఉన్న గుడ్డ మూట విప్పి, అందులోంచి ఒక మిరపచెట్టు తీసి ఆవిడ బల్ల మీద పడేసింది. వేళ్ళతో సహా పీకిన చెట్టు. నిండా కాయలు. అన్నీ ముడుచుకుపోయి, ఆకులు వాలిపోయి ఉన్నాయి.

"నవ్వండమ్మా, నవ్వండి. దీన్ని కూడా చూసి నవ్వండి. పొలమంతా ఇట్టనే ఉంది. ఇంకో రెండు రోజులు నీళ్ళు రాకపోతే పీకి పొయ్యిలో పెట్టుకోటమే. పైనోళ్ళు మైనరుకి అడ్డంగా రాళ్ళు ఏశారమ్మా. అది చెప్పటానికే గదా కాగితం పంపింది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చెట్టుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు, కోర్టు నుంచి తిరిగొచ్చిన అర్జీ కూడా మొత్తం చదివారు. తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డారు. చాలా రోజుల తర్వాత ఆ కుర్చీ కాళ్ళ చప్పుడు విన్నాను.

నేరుగా పక్క గదిలోకి పోయారు. సెక్షన్ ఇంజినీరు గీతలు గీస్తున్నాడు. "కాలవకి అడ్డం ఏసిన రాళ్ళు తీయించటానికి నీకు ఎవరి ఆర్డరన్నా కావాల్నా?" అన్నారు.

"అక్కర్లేదు మేడం, నా డ్యూటీయే. కానీ ఈ స్టేట్‌మెంటు రేపు పొద్దున్నకి ఉండాలి. పై ఆఫీసు నుంచి ఎస్.ఇ. గారే ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. పెండింగు కనపడితే డి.ఇ. గారు నన్ను..."

ఆవిడ ఆయన చేతిలోంచి పెన్ను లాగి మూత బిగించి ఆయన జేబుకే పెట్టారు. "ఆ సంగతి నేను చూసుకుంటా. జీపు తీయించు." బయటికి వచ్చి అందరికీ వినపడేలా, "ఇంక ఇయ్యాల తపాలు ఎవరూ విప్పొద్దు. గుర్తు చేసేవాళ్ళు ఇంకో రోజు గుర్తు చేసుకుంటారు. అమ్మాయ్, నువ్వు నాతో రా. అక్కడ నేనేం అన్నానో రేపు ఎవరన్నా అడిగితే చెప్పాల" అన్నారు.

సూపరింటెండెంటుకి కాలువ మీద ఏం పని? ఏ పనీ లేదు. ఆఫీసులో కాగితాలు చూడటం వరకే ఆవిడ ఉద్యోగం. తెల్లారితే ఇన్‌స్పెక్షన్, ప్రమోషను లిస్టులో ఆవిడ పేరు ఉంది. అంతా తెలిసే జీపెక్కారు.

అడ్డుకట్ట దగ్గర పది మందికి పైగా ఉన్నారు, ఇద్దరు ముగ్గురి చేతుల్లో కర్రలు కూడా ఉన్నాయి. మా వైపు నీళ్ళ దగ్గర మాటకి ముందు చెయ్యి లేస్తుంది. జీపు ఆగేసరికే సెక్షన్ ఇంజినీరు మెత్తబడ్డాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని గట్టెక్కారు.

"తీయండయ్యా రాళ్ళు" అన్నారు.

వాళ్ళల్లో మీసాలాయన ముందుకొచ్చాడు. "ఆర్డరేదమ్మా? కాగితం ఉందా?"

"కాగితం లేదు. నేనున్నా."

"తీయమనటానికి మీరెవరండీ?"

"మీ అర్జీలన్నీ చదివేదాన్ని. పోయిన ఏడాది నీ తూము కూలిపోయిందని మా వరండాలో కూర్చుని రాయించావు చూడు, వేలిముద్ర కూడా ఏశావు. ఎన్ని రోజులకి వచ్చారయ్యా మావాళ్ళు?"

ఆయన తడబడ్డాడు. "తెల్లారే వచ్చారు."

"అప్పుడు నీ కాగితం చదివినదాన్నే ఇయ్యాల కింద వాళ్ళ కాగితం చదివా. నీది చదవొచ్చుగానీ వాళ్ళది చదవకూడదా?"

ఎవరూ కదల్లేదు. నేను జీపు చాటుకి జరిగాను, అబద్ధం ఎందుకు. ఆవిడ మాత్రం గట్టు మీద చెప్పులు విడిచి, కాలువలోకి దిగి, వంగి ఒక రాయి పట్టుకున్నారు. పెద్ద రాయి. కదల్లేదు. మళ్ళీ పట్టుకున్నారు. అప్పుడు సెక్షన్ ఇంజినీరు, ఆయన మొహం ఇప్పటికీ నాకు గుర్తే, బూట్లతో సహా నీళ్ళలోకి దూకాడు. వెనకాలే కింద ఊరివాళ్ళు. మీసాలాయన కాసేపు చూసి, చేతిలో కర్ర గట్టు మీద పడేసి, "మీరు లెగండమ్మా, మీకు రాదు ఆ పని" అంటూ తనూ దిగాడు.

నీళ్ళు కిందికి మళ్ళాయి. మిరపచెట్టు తెచ్చినామె నీళ్ళతో పాటే గట్టు మీద నడుచుకుంటూ ఊరి వైపు పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "చూశావా, ఎంత పొగరో! నాకట్టాంటోళ్ళంటే ఇష్టం" అన్నారు ఆవిడ, చీర పిండుకుంటూ.

మర్నాడు ఎస్.ఇ. గారు వచ్చారు. హైదరాబాదు బస్సు దిగీ దిగగానే డి.ఇ. గారూ వచ్చారు. స్టేట్‌మెంటు సగంలో ఉంది. ఏ బల్ల చూసినా కాగితాలే. ముందు రోజు కట్టలో మిగిలినదంతా విప్పకుండా అలాగే ఉంది. డి.ఇ. గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని పెండింగులో ఉన్నాయి?" అన్నారు ఎస్.ఇ. గారు.

ఆవిడ నిలబడే ఉన్నారు. "కాగితాలు చానా ఉన్నయ్ సార్. మనుషులు మాత్రం ఎవరూ పెండింగు లేరు."

అదేంటని అడిగారాయన. జరిగిందంతా చెప్పారు. కోర్టాయన పేరు ఎత్తకుండా, "మావాళ్ళు పొరపాటున" అని చెప్పారు. తండ్రి పేరు మేజరు దగ్గర ఎస్.ఇ. గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు అయిపోయాక కళ్ళు తుడుచుకుని, పెన్ను తీసి, ఆవిడ రిమార్కుల కాగితం మీద "తపాలు నిర్వహణ తృప్తికరంగా లేదు" అని ఇంగ్లీషులో రాశారు. రూలు ప్రకారం అంతకంటే ఏం రాయగలరు? డి.ఇ. గారు, "సార్, ఇందులో నా రూలు కూడా..." అని మొదలుపెట్టారు గానీ, ఎస్.ఇ. గారు అప్పటికే జీపు దగ్గరికి నడుస్తున్నారు. మరుసటి రోజు తపాలు కట్టని డి.ఇ. గారే స్వయంగా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి పోయారు.

ఆ ఒక్క వాక్యంతో ప్రమోషను పోతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. పోయింది కూడా. ఆవిడ కంటే వెనకవాళ్ళు ముందుకు పోయారు. ఆ రిమార్కుని శుభ్రంగా టైపు చేసి పైకి పంపాల్సింది నేను. కీ నొక్కినప్పుడల్లా ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళయినా చెప్తున్నాను, నా సర్వీసులో నేను అంత కష్టంగా కొట్టిన కాగితం ఇంకోటి లేదు. ఆ మనిషి పక్కన కూర్చుని పని చేశానని చెప్పుకోవటం కంటే నాకు గొప్ప కూడా ఇంకోటి లేదు.

కాగితం తీసుకుపోయి, చూసుకున్నట్టు సంతకానికి ఆవిడ ముందు పెట్టాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"నా పేరు స్పెల్లింగు సరిగ్గా కొట్టావా?"

"కొట్టాను మేడం."

"మళ్ళీ చూడు. ఆ రోజు తపాలు ఆపింది ఎవరో చదివినవాళ్ళకి తెలియాలిగా" అని సంతకం పెట్టారు.